తిరగేసిన రేకులు

"మీ నాయనది ర్యాండమ్ ఎర్రర్ కాదు మే, సిస్టమాటిక్ ఎర్రర్," అంది రవణమ్మ, పులుసు గిన్నె మీద మూత సర్దుతూ.

చెంచులక్ష్మికి నవ్వు ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. ఒంటిగంటకల్లా వచ్చేస్తానని చెప్పి గూడూరు నిమ్మకాయల యార్డుకు పోయిన మస్తానయ్య అప్పుడే వాకిట్లో మోపెడ్‌కి స్టాండు వేస్తున్నాడు.

"ఏంది, నన్ను తిడతా ఉండారా తల్లీబిడ్డలు?"

"తిట్టేదేముండాది. ర్యాండమ్ ఎర్రరయితే ఒకనాడు ముందొస్తావు, ఒకనాడు ఎనకొస్తావు. నెలంతా కలిపి చూస్తే ఆడికాడికి సరిపోద్ది. నువ్వట్ట కాదే. ముప్పై దినాలూ ఒకే పక్కకి తప్పుతావు. వెయ్యిసార్లు కొలిచినా ఆ తప్పు పోదు. కొలబద్దలోనే ఉండాది లోపం."

మస్తానయ్య కాళ్ళ మీద నీళ్ళు కుమ్మరించుకుంటూ నిట్టూర్చాడు. "చూడు చెంచూ, నేను ఏడో తరగతి, మీ అమ్మ మూడు. ఇప్పుడు మీ అమ్మ మాట అర్థం కావాలంటే నేను ట్యూషన్ పెట్టించుకోవాల్సి వచ్చె."

రవణమ్మ గని షెడ్డులో మేడమ్ దగ్గర పనికి చేరినప్పటి నుంచీ, మూడేళ్ళుగా ఆ ఇల్లు ఇలాగే ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడమంటే రవణమ్మ, "ఒక్క మెతుకు పట్టుకుంటే మేడమ్ ఒప్పుకోదు, శాంపిల్ చాలదంటది. ముప్పై మెతుకులన్నా పట్టుకోవాల" అనేది. పక్కింటి సుబ్బరత్నమ్మ ఊళ్ళో కబురేదైనా మోసుకొస్తే, "అది డేటా కాదక్కా. ఎవురో అన్నది ఇంకెవురో విన్నది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటారు. అది తీసేసినాక ఏమన్నా మిగిల్తే చెప్పు" అనేది. "తీసేస్తే ఇంకేం మిగల్దు మే!" అని సుబ్బరత్నమ్మ నిజాయితీగా ఒప్పుకునేది. ఎనిమిదింపావు బస్సుకు ప్లస్సార్ మైనస్ ఇరవై నిమిషాలు అని రవణమ్మ ఒకసారి అన్నది, ఇప్పుడు స్టాండులో ఉన్నవాళ్ళంతా అదే మాట. మొగుడి మీద అలిగితే ఆ కోపానికి హాఫ్ లైఫ్ రెండు రోజులని ముందే చెప్పేసేది. "అంటే నాలుగు దినాలకు పోతాదా?" అని అతను ఆశగా అడిగితే, "పావు వంతు మిగుల్తాది. తగ్గతా పోతాది గానీ, మొత్తానికి ఎప్పుడూ పోదు" అనేది.

వినేవాళ్ళకు అది వేళాకోళంలా ఉండేది. చెంచులక్ష్మి మాత్రం ఒక సంగతి గమనించింది. అమ్మ ఒక్క మాట కూడా తప్పుగా వాడదు. కొత్త గాజులు తొడుక్కున్న పిల్ల చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నట్టు ప్రతి మాటనూ నాలుగు రోజులు ఇంటి పనుల మీద తిప్పి చూసుకుంటుంది. ఎక్కడ సరిగ్గా అతుకుతుందో అక్కడ పెట్టేస్తుంది. ఇక తియ్యదు.

*

పాలగుట్ట గని మూతపడి పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందు రవణమ్మ అక్కడ రేకులు విడదీసేది. అభ్రకాన్ని ఆ పక్క కాకిబంగారం అంటారు. గనిలోంచి దిమ్మలుగా వస్తుంది. దిమ్మ ఒక మూల కత్తి మొన దించి, బొటనవేలితో ఊపిరంత మెత్తగా నెడితే రేకు లేస్తుంది. ఆ రేకులోంచి ఇంకో రేకు. గాజులాంటివి, ఉల్లిపొరకన్నా పలచనివి. పదకొండో ఏట కత్తి పట్టిన రవణమ్మ చేతిలో రేకు చిరగడం ఎవరూ చూడలేదు. గని మూతపడ్డాక ఆ పనితనంతో ఎవరికీ పనిలేకపోయింది. నిమ్మతోటల్లో కాయలు కోసుకుంటూ బతికింది.

అలాంటిది మూడేళ్ళ కిందట ఒకరోజు, రాళ్ళ మీద పరిశోధన చేసే కాత్యాయని మేడమ్ జీపు దిగి, గని షెడ్డు తాళం తీయించి, ఊళ్ళోకి వచ్చి రేకులు విడదీసేవాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగింది. యాభై దాటిన మనిషి. బక్కగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు మెడ ఒక పక్కకు వంచి ఉండేది.

"ఇది ఫొటో ఫిల్ములాంటిది రవణమ్మ గారూ," అంది మొదటి రోజు, ఒక దిమ్మను రెండు చేతులతో పట్టుకుని. "నూరు కోట్ల ఏళ్ళకు పైగా భూమిలో చీకట్లో పడి ఉన్న ఫిల్ము. దీంట్లోంచి ఏం దూసుకుపోయినా ఒక గీత మిగిలి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ కడిగి చూడలేదు, అంతే."

ఆ కడిగే ద్రావకమే మేడమ్ కనిపెట్టింది. పల్చటి తేనీటి రంగులో ఉండేది. అందులో రేకును తొమ్మిది గంటలు నానబెట్టి నీలి దీపం కింద పెడితే, లోపలి గాయాలు వెలిగేవి. చిన్నచిన్న గీతలు వేలకు వేలు. అవి రాయిలోనే పుట్టిన యురేనియం వల్ల పడినవి, లెక్కలోకి రావు. కానీ ఎన్నెన్నో రేకులకొకటిగా, ఊదారంగులో ఇంకో రకం గీత కనబడేది. వెంట్రుకంత సన్నగా మొదలై, పోను పోను లావెక్కి, చివర చిన్న బుడిపెలా ఆగిపోయేది, తోకచుక్కలా. ఏ వస్తువు వల్ల పడిందో లోకంలో ఎవరికీ తెలియని గీత. సన్నటి కొస వచ్చిన దిక్కు, బుడిపె ఆగిన చోటు.

గూడూరులో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న చెంచులక్ష్మిని మేడమ్ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పదిహేడో రోజున మొదటి తోకచుక్క కనబడింది. చెంచులక్ష్మి అద్దంలోంచి కన్ను తీయకుండా చాలాసేపు అలాగే ఉండిపోయింది. మనిషి పుట్టకముందు, చేప పుట్టకముందు, గడ్డిపోచ కూడా లేని నాడు ఏదో ఒకటి ఈ దారిన వచ్చి ఇక్కడ ఆగింది. అది ఆగిన చోటు మొదటిసారి చూసిన కన్ను తనది. ఎవరికైనా చెప్పాలనిపించి, చెప్పడానికి మాట దొరక్క, "మేడమ్, ఒకటుంది" అని మాత్రం అంది.

మేడమ్‌కు కావలసింది గీత ఒక్కటే కాదు, దాని దిక్కు. అందుకే గనిలో దిమ్మను కదిలించక ముందే పైముఖానికి ఎర్ర రంగు పూయించేది. రవణమ్మ గదిలో గోడ మీద బోర్డు రాయించింది: 'ఎర్ర ముఖం పైకి. విడదీసిన ప్రతి రేకూ అదే ముఖం పైకి.' రవణమ్మ పళ్ళెంలో పేర్చిన రేకుల పైకున్న ముఖాల మీద మేడమ్ స్వయంగా గుర్తులు వేసి, పేకముక్కల్లా కలిపి, చెంచులక్ష్మికి పంపేది. ఏ గుర్తు ఏ దిమ్మదో చెప్పే జాబితా ఇనప బీరువాలో ఉండేది. గీతలు చూసే మనిషి రేకులు తీసే గదిలోకి పోకూడదు. మనసుకు ముందే తెలిస్తే, కన్ను మనసు చెప్పిందే చూస్తుందని మేడమ్ నమ్మకం.

మూడేళ్ళలో నాలుగు వందల పన్నెండు తోకచుక్కలు దొరికాయి. కింది నుంచి పైకి పోయినవి రెండు వందల ఏడు. పై నుంచి కిందికి వచ్చినవి రెండు వందల అయిదు.

"నాణెం ఎగరేసినా ఇంత సమంగా రాదు," అంది మేడమ్.

*

ఆ సోమవారం మేడమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి నెలాఖరుకు షెడ్డు మూసేస్తున్నట్టు చెప్పింది. 

"దిక్కు లేదంటే బయటినుంచి వచ్చినవి కావన్నమాట. ఇవీ రాయిలోనే పుట్టి రాయిలోనే ఆగిపోయాయి. నాకు తెలియని మలినం ఏదో, అంతే. మొదటి సంవత్సరమే ఆ మాట రాశాను, పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఇంకాస్త గట్టిగా రాసి ముగించేస్తాను."

"యాడన్నా తప్పుండాదేమో చూసినారా మేడమ్?" అంది రవణమ్మ.

"మూడేళ్ళుగా అదే పని కదా రవణమ్మ గారూ. ద్రావకం మార్చాను. దీపాలు మార్చాను. మైక్రోస్కోపు మార్చాను. చెంచు కళ్ళు కూడా పరీక్ష చేయించాను." మేడమ్ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఏమీ దొరకలేదన్నదీ ఫలితమేనమ్మా. ఎవరో ఒకరు వెతికి చూడాలి కదా."

ఇక చూడవలసిన రేకులు లేవు. మూడో రోజు మధ్యాహ్నం తోచక చెంచులక్ష్మి, ఇన్నాళ్ళూ గడప దాటని గదిలోకి వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చుంది. మిగిలిన ఒక్క దిమ్మనూ వదిలిపెట్టడం ఇష్టంలేక రవణమ్మ విడదీస్తోంది. కిటికీలోంచి పడే వెలుతురు రేకుల మీద నీళ్ళలా కదులుతోంది. కత్తి మొన దిగడం, బొటనవేలు జరగడం, రేకు లేవడం. పళ్ళెంలోకి చేరడం. మాట్లాడకుండా చూడటం చెంచులక్ష్మికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒక రేకు. ఇంకో రేకు. ఇంకోటి.

ఎన్నో రేకు దగ్గరో ఆమె వెన్ను నిటారుగా అయింది. మళ్ళీ చూసింది. అమ్మ మణికట్టు ఒక రేకును లేచింది లేచినట్టే పళ్ళెంలో పెట్టింది. తర్వాతి రేకు దగ్గర చిన్నగా తిరిగింది, దోసె తిరగేసినంత తేలిగ్గా. మళ్ళీ ఒకటి మామూలుగా. మళ్ళీ ఒకటి తిరిగి.

"అమ్మా, ఎందుకు తిప్పినావు?"

"ఏం తిప్పినా?"

"రేకు. తిరగేసి పెట్టినావే."

"నేనా? లేదే." రవణమ్మ తన చేతిని తనే చూసుకుంది. ఇంకో రేకు విడదీసింది. మణికట్టు తిరిగింది. "ఆఁ... ఇదా! తిప్పకపోతే అంటుకోవా? ఇప్పుడే విడిపోయిన పైముఖమూ అడుగుముఖమూ మళ్ళీ ఒకదాన్నొకటి చూసుకున్నాయంటే పట్టేసుకుంటాయి మే. ఇంక విడిపించేది ఎవురి తరమూ కాదు. అందుకని దాని ముఖం దీనికి కనబడకుండా..."

మాట మధ్యలో ఆగింది. ఆమె చూపు గోడ మీది బోర్డు మీదికి పోయింది. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ బోర్డు చదివి, కింద పుస్తకంలో సంతకం పెట్టి, ఆ తర్వాతే కత్తి పట్టేది.



*

ఇంటికి వచ్చాక చెంచులక్ష్మి మెల్లగా చెప్పడానికి చూసింది. ఒకటి సరిగా, ఒకటి తిరగబడి ఉంటే, అన్నీ ఒకే పక్కనుంచి వచ్చినా సగం పైనుంచి వచ్చినట్టు, సగం కింది నుంచి వచ్చినట్టు కనిపిస్తాయని. రవణమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాకు అర్థమయింది. ఇంక చెప్పబాక."

ఆ రాత్రీ, మర్నాడూ ఇంట్లో ఒక్క శాస్త్రం మాటా వినబడలేదు. అన్నం ఉడికింది, అంతే. బస్సు ఆలస్యమయింది, అంతే. సుబ్బరత్నమ్మ వచ్చి, రాపూరులో ఎవరో ఎవరితోనో లేచిపోయిన కబురు చెబితే రవణమ్మ "అట్టనా" అని ఊరుకుంది. సుబ్బరత్నమ్మ భయపడి, "ఒంట్లో బాగలేదా మే మీ అమ్మకి?" అని చెంచులక్ష్మిని పక్కకు పిలిచి అడిగింది.

మస్తానయ్య తన శక్తికొద్దీ ప్రయత్నించాడు. "ఇయ్యాల రెండో దినం. లెక్క ప్రకారం సగమన్నా తగ్గిండాల కదే?" అన్నాడు కంచం ముందు కూర్చుని. రవణమ్మ అతని కంచంలో మజ్జిగ పోసి లేచిపోయింది.

చెంచులక్ష్మికి ఏం చెయ్యాలో తోచలేదు. చెప్పకపోతే మేడమ్ తన చేత్తో తనే అబద్ధం రాసి, సంతకం పెట్టి, షెడ్డుకు తాళం వేసి వెళ్ళిపోతుంది. చెబితే, మూడేళ్ళు పాడుచేసిన చెయ్యి అమ్మది. ఆ చెయ్యి తప్ప అమ్మకు ఈ లోకంలో గొప్పగా చెప్పుకునేది ఇంకేముంది? చదువా, పొలమా? ఊళ్ళో ఎవరైనా "రవణమ్మ చెయ్యి" అంటే అది రేకు చిరగని చెయ్యి అనే అర్థం.

మూడో రోజు పొద్దున రవణమ్మ తల దువ్వుకుంటూ అంది. "మేడమ్‌కి నేనే చెప్తా. నువ్వు నోరు తెరవబాక."

*

మేడమ్ అట్టపెట్టెల్లోకి కాగితాలు సర్దుతోంది. రవణమ్మ గుమ్మంలో నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా చెప్పింది.

"మేడమ్, మన ఇనుస్ట్రుమెంటులో సిస్టమాటిక్ ఎర్రర్ ఉండాది."

మేడమ్ తలెత్తింది. "ఏ ఇన్‌స్ట్రుమెంటులో?"

"నాలో."

మేడమ్‌కు అర్థం కాలేదు. రవణమ్మ కుడి చెయ్యి చాచింది. గాలిలో ఒక రేకు విడదీసింది, పెట్టింది. ఇంకో రేకు విడదీసింది, మణికట్టు తిప్పింది, పెట్టింది. అలా అయిదారు సార్లు. ఆ గదిలో లేని రేకుల దొంతర ఒకటి మెల్లగా పెరిగింది. 

మేడమ్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. అవి జారి కింద పడ్డా చూసుకోలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ చేతినే చూసింది. తిడుతుందేమోనని చెంచులక్ష్మి అమ్మ పక్కకు జరిగి నిలబడింది.

"అన్నీ మార్చాను," అంది మేడమ్ చివరికి. "అన్నీ పరీక్ష చేశాను. ఒక్కరోజైనా మీ గదిలోకి వచ్చి మీ పక్కన కూర్చోలేదు. మీ చెయ్యి అంత బాగుంటుంది, అనుమానమే రాలేదు రవణమ్మ గారూ."

"నాకూ రాలేదు మేడమ్."

"ఏది తిప్పారో ఏది తిప్పలేదో ఇప్పుడు తెలిసే దారి లేదు. కలిపేశాను కదా అన్నీ."

"ఎందుకు తెలీదు?" రవణమ్మ గొంతులో రెండు రోజుల తర్వాత మొదటిసారి పౌరుషం పలికింది. "కత్తి దిగిన మూల రేకు అంచు ఒకపక్కకి రవ్వంత లేస్తది. కంటికి కనబడదు. వేలితో రాస్తే తెలుస్తది. కత్తి ఎప్పుడూ పైనుంచే దించుతా గదా. లేచిన పక్క పైముఖం."

మేడమ్ మెడ ఒక పక్కకు వాలింది. ఏదో విన్నట్టు. 

"అయితే పరీక్ష పెట్టాలి," అంది. "మీకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు, చెంచుకూ తెలియకూడదు."

"బ్లైండ్ టెస్టు," అంది రవణమ్మ. 

ముందు ఆ మిగిలిన దిమ్మలోంచి యాభై రేకులు తీసి, పైముఖాలకు రహస్య గుర్తులు వేసి, కలిపి, నల్ల గుడ్డ కింద పెట్టి ఆమెకు అందించారు. గుడ్డ కింద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని, బొటనవేలు అంచు వెంట నడిపిస్తూ, "ఇది పైముఖం... ఇది అడుగు... ఇది అడుగు..." అని చెప్పుకుంటూ పోయింది. యాభైకి నలభై తొమ్మిది సరిపోయాయి. ఆ ఒక్కటి ఎందుకు తప్పిందని రవణమ్మ అరగంట గొణిగింది. "దాని మూల ఇరిగిండాది మేడమ్, కావాలంటే చూడండి." చూశారు. విరగలేదు. "సరే, ప్లస్సార్ మైనస్ ఒకటి," అని ముఖం తిప్పుకుంది.

ఆ తర్వాత అసలు రేకులు. నాలుగు వందల పన్నెండు. మూడేళ్ళుగా పెట్టెల్లో పడుకున్నవి. నాలుగు రోజులు పట్టింది. రెండో రోజుకు వేలు పొక్కితే ఎడమచేతికి మారింది. మేడమ్ ఎదురుగా కూర్చుని గుర్తు చదివేది, రవణమ్మ ఆ గుర్తున్నది ఏ ముఖమో చెప్పేది, చెంచులక్ష్మి రాసుకునేది. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం ముగ్గురూ ఒకే క్యారియరులోంచి అన్నం తినేవాళ్ళు. ఈ పరీక్షలో ఏమీ తేలకపోతే నెల తిరిగితే ఈ గది ఉండదని ముగ్గురికీ తెలుసు. ఏదైనా తేలితే, అది మూడేళ్ళ పాటు కనబడకుండా చేసింది రవణమ్మ చెయ్యేనని రాయాల్సి వస్తుందని కూడా తెలుసు.

*

ఆ పై వారం శనివారం మూడు గంటలకు మేడమ్ ఇనప బీరువా తెరిచి, ఏ గుర్తు రేకులో గీత ఎటు పోయిందో రాసిన జాబితా తీసింది. 

కంప్యూటరు తెర మీద నాలుగు వందల పన్నెండు చిన్న బాణాలున్నాయి. కొన్ని పైకి, కొన్ని కిందికి, గాలివాటుకు రాలిన చింతాకులా అడ్డదిడ్డంగా. చెంచులక్ష్మి తన పుస్తకం చూసి ఒక్కో గుర్తూ చదువుతోంది. అడుగుముఖం అని ఉంటే మేడమ్ ఆ బాణాన్ని తిప్పుతోంది. పైముఖం అని ఉంటే ముట్టుకోవడం లేదు. 

మొదటి పది, పదిహేను దాకా ఏమీ తెలియలేదు. ముప్పై దగ్గర మేడమ్ వేలు ఒక క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. అరవై దగ్గర చెంచులక్ష్మి చదవడం ఆపి తెర వైపు చూసింది. "చదువు, చదువు" అంది మేడమ్, తెర మీద నుంచి కళ్ళు తీయకుండా. నూటయాభై దాటేసరికి ఎవరికీ అనుమానం లేదు. అయినా ఆపలేదు. చివరి గుర్తు దాకా చదివింది. 

తెర నిండా బాణాలు, వరిచేలో వెన్నుల్లా, అన్నీ ఒక్క పక్కకే. నాలుగు వందల మూడు కింది నుంచి పైకి. తొమ్మిది మాత్రం తిరగబడి.

మేడమ్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తుడవలేదు. 

"ఆకాశంలోంచి వచ్చేవైతే," అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "భూమి తిరుగుతుంది కాబట్టి అన్ని పక్కలనుంచీ రావాలి. నూరు కోట్ల ఏళ్ళు ఒక్క అడుగునుంచే వచ్చాయంటే..."

"అడుగునే ఉండాది," అంది రవణమ్మ.

"అడుగునే ఉంది. భూమి నడిమధ్యన. ఏమిటో నాకు తెలియదు. మనకు తెలిసిన ఏ వస్తువూ అలా చెయ్యదు. వెలుగుతూ ఉంది, రవణమ్మ గారూ. మనం పుట్టకముందు నుంచీ, గడ్డిపోచ పుట్టకముందు నుంచీ, అక్కడ ఏదో వెలుగుతూనే ఉంది."

చెంచులక్ష్మికి తెలియకుండానే పాదాలు నేల మీద నుంచి కొంచెం పైకి లేచాయి. సిగ్గుపడి మళ్ళీ ఆనించింది.

కాసేపటికి మేడమ్ కంప్యూటరు ముందుకు జరిగింది. "మొదట నేను రాసింది తప్పని నేనే రాయాలి. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ." ఇంగ్లీషులో టైపు చేస్తూ తెలుగులో పైకి చెప్పింది. "రేకులను పేర్చడంలో జరిగిన ఒక పొరపాటు వల్ల..."

"ఎవురి పొరపాటు?" అంది రవణమ్మ.

"అది అవసరం లేదమ్మా. ఇలా రాస్తే సరిపోతుంది."

"సరిపోదు మేడమ్. కొలబద్ద పేరు రాయకుండా కొలత రాస్తారా ఎవురన్నా? రేపు ఇంకొకరు మళ్ళీ కొలవాల కదా. తప్పిందీ ఈ చెయ్యే, దిద్దిందీ ఈ చెయ్యే. రెండూ రాయండి."

మేడమ్ ఆమె వైపు తిరిగి చూసింది. "ప్రపంచంలో ఎవరెవరో చదువుతారు."

"చదవనీండి. గనిలో ఎట్ట పేర్చేవాళ్ళమో కూడా రాయండి. విడిపోయిన ముఖాలు చూసుకోకుండా. మా అవ్వ కాడి నుంచీ అట్టే పెడతా ఉండాం, అది తప్పు పని కాదు. ఈడికి మాత్రమే తప్పు."

మేడమ్ వేళ్ళు మళ్ళీ కదిలాయి. ఇంటిపేరు అడిగింది. చెంచులక్ష్మి అక్షరాలు కూడబలికి చెప్పింది. తెర మీద అమ్మ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పడటం ఆమె చూసింది. రవణమ్మ ఆ పేరు వైపు ఒకసారి చూసి, మళ్ళీ బాణాల వైపు తిరిగింది.

"మేడమ్, ఇప్పుడు కూడా వస్తా ఉండాయా అవి?"

"ఇప్పుడు కూడా."

"ఈ గచ్చులోంచి?"

"గచ్చులోంచి, కుర్చీలోంచి, మనలోంచి. ఎప్పుడో ఒకటి, ఎక్కడో ఒకటి ఆగుతుంది. మిగతావన్నీ పైకి వెళ్ళిపోతూనే ఉంటాయి."

రవణమ్మ నోరు తెరిచింది. ఈ మూడేళ్ళలో నేర్చుకున్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వెతుకుతోందని చెంచులక్ష్మికి ముఖం చూస్తే తెలిసింది. అన్నానికీ, బస్సుకూ, మొగుడి కోపానికీ, పక్కింటి కబుర్లకూ సరిపోయిన మాటలు. ఒక్కొక్కటే ఎత్తి, చూసి, పక్కన పెట్టేస్తోంది. చివరికి నోరు మూసుకుంది.

బయట ఎండ చల్లబడింది. చెట్టు కింద మస్తానయ్య మోపెడ్ ఆపుకుని కూర్చున్నాడు. ఆరోజు ఎందుకో ముందే వచ్చాడు. రవణమ్మ ముఖం చూసి లేచి నిలబడ్డాడు. 

"ఏమయిందే? మూసేస్తారంటనా?"

 

"మూయరు నాయనా," అంది చెంచులక్ష్మి. "ఇంకా చాలా రేకులు కావాల్నంట."

"మరి అదేందట్ట ఉండాది మీ అమ్మ? ఏం కనిపెట్టినారంట? ఓ రవణమ్మా, నీ భాషలోనే చెప్పు, నేను ఎట్టనో అర్థం చేసుకుంటాలే."

రవణమ్మ గడప దగ్గర విడిచిన చెప్పులు వంగి చేతిలోకి తీసుకుంది. వేసుకోలేదు. షెడ్డు ముందు నేలంతా అభ్రకం తునకలు, సాయంకాలపు ఎండకు కోట్ల కొద్దీ మెరుస్తున్నాయి.

"చెప్పులేసుకోవే, గుచ్చుకుంటాయి."

"గమ్మునుండు," అంది ఆమె చాలా మెల్లగా. 

చెప్పులు గుండెలకు ఆనించుకుని, ఒట్టి పాదాన్ని ముందుకు చాచి, కింద ఎవరో పడుకుని ఉన్నట్టు, నేల మీద పెట్టింది.